ఆరవ సబ్జెక్టు

గడచిన ఆదివారం ఉదయం మా ఇంటి నీళ్ళ మోటారు మొరాయించింది. ఢిల్లీలో మా పేటకు కుళాయి నీరు తెల్లవారుజామున వచ్చి, మనిషి పూర్తిగా మేల్కొనే లోపుననే వెళ్ళిపోతుంది. ఆ గంటలో మోటారు తిరగకపోతే ఆ పూటకు స్నానపానాల మాట మరచిపోవలసిందే. పేటలోని మెకానిక్కుకు కబురు చేశాను. ఆయన తన మేనల్లుడిని వెంటబెట్టుకొని వచ్చాడు. మేనమామ నాతో కూలి సంగతి తేల్చుకొంటున్నంతలో, పదిహేనేళ్ళ ఆ కుర్రవాడు మోటారు ప్రక్కన గొంతుకు కూర్చుని, స్విచ్చి వేయించి, చెవి ఒగ్గి విన్నాడు. మోటారు గుయ్యిమంటున్నదే గాని తిరగడం లేదు. వెనుకవైపు ఫ్యాను రెక్కను స్క్రూడ్రైవరు కొసతో ఒక్క తోపు తోశాడు. తిరిగింది. “కండెన్సర్ పోయింది, మామా. వైండింగు బాగానే ఉంది” అన్నాడు. అంతా కలిపి రెండు నిమిషాలు. దశాబ్దాలుగా కేంద్ర ప్రభుత్వపు విద్యా విధానాలను గురించి వ్యాసాలు వ్రాస్తూ వచ్చిన నేను ఆ రెండు నిమిషాలూ టార్చిలైటు పట్టుకొని నిలుచున్నాను.

పని అయిన తరువాత టీ ఇచ్చి మాట కలిపాను. కుర్రవాడు సర్కారు బడిలో పదవ తరగతి చదువుతున్నాడట. ఆదివారాలు, సెలవు దినాలు మేనమామ దుకాణంలో గడుపుతాడట. మీ బడిలో వృత్తి విద్య ఏదైనా చెబుతున్నారా అని అడిగాను. చెబుతున్నారన్నాడు. ఏమిటది అంటే, “రీటెయిల్” అన్నాడు. అంటే చిల్లర వర్తకం. అందులో ఏమి నేర్చుకొన్నావంటే, వినియోగదారుడు అనగా ఎవరు, వారు ఎన్ని రకములు, దుకాణంలో సరుకు అమర్చు పద్ధతులు ఏవి అని గ్రుక్కతిప్పుకోకుండా అప్పగించాడు. ఒకసారి బస్సులో ఒక పెద్ద బజారుకు తీసుకువెళ్ళి చూపించారట. అమ్మకం మాత్రం ఎవరూ చేయనీయలేదు. మోటారు పని తెలిసిన నీవు ఎలక్ట్రికల్ తీసుకోరాదా అన్నాను. మా బడిలో అది లేదు అన్నాడు. మరి ఈ రీటెయిల్ ఎందుకు తీసుకొన్నావని అడిగినప్పుడు వాడు నన్ను కాస్త జాలిగా చూసి ఇట్లా అన్నాడు: “లెక్కల్లో తప్పితే దీని మార్కులు పనికొస్తాయి గదా, అంకుల్.”

ఆ మాటలో అబద్ధం లేదు. సెంట్రల్ బోర్డు నిబంధన అట్లాగే ఉన్నది. విధిగా చదవవలసిన ఐదు సబ్జెక్టులతో పాటు ఆరవదిగా నైపుణ్య సబ్జెక్టును తీసుకొన్న విద్యార్థి గణితంలోనో, సామాన్యశాస్త్రంలోనో, సాంఘికశాస్త్రంలోనో తప్పితే, ఆ తప్పిన సబ్జెక్టు స్థానంలో ఈ ఆరవదానిని పెట్టి ఫలితం ప్రకటించవచ్చు. పిల్లలకు మేలు చేయాలన్న సదుద్దేశంతోనే ఈ నిబంధన పెట్టి ఉంటారు. కాని ఒక దేశం తన పిల్లలకు చేతిపనిని గురించి ఏమి చెప్పదలచుకొన్నదో ఇంతకంటె సూటిగా ఏ కమిషన్ నివేదికా చెప్పలేదు. తలతో చేసే పనిలో తప్పినవాడికి చేతిపని. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఉన్నది. ఇక్కడ కుర్రవాడి మతి చెక్కుచెదరకుండా ఉన్నది, దానిని గుర్తించే తీరికే బడికి లేదు.

ఈ దృష్టి నేటిది కాదు. 1882లో హంటర్ కమిషన్ ఉన్నత పాఠశాలలో రెండు దారులు ఉండాలన్నది: ఒకటి విశ్వవిద్యాలయపు ప్రవేశ పరీక్షకు పోయేది, రెండవది వర్తక వ్యవహారాలకూ, జీవనోపాధికీ పనికివచ్చేది. రెండవ దారిలో నడిచినవారు బహు స్వల్పం. ఆ తరువాత దాదాపు నూట నలభై సంవత్సరాలలో కూర్చున్న ప్రతి సంఘమూ ఆ రెండవ దారిని మళ్ళీ కనిపెడుతూనే వచ్చింది. 1952లో నియమించిన ముదలియారు కమిషన్ బహుళార్థ సాధక పాఠశాలలు కావాలన్నది. మానవికశాస్త్రాలు, విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం అని ఏడు శాఖలు చూపించింది. ఆ రోజుల్లో బహుళార్థ సాధక ప్రాజెక్టులు కడుతున్నారు గనుక పాఠశాలలకు కూడా ఆ పేరు ఇంపుగా తోచి ఉంటుంది.

ఆ పాఠశాలలలో ఒకదానిలో నేను చదివాను. మా తాలూకా కేంద్రంలోని ఉన్నత పాఠశాలకు ఆ హోదా రాగానే ఒక లేత్ యంత్రం కూడా వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి, రేకుల షెడ్డులోకి చేర్చారు. దానికి కావలసిన త్రీఫేజ్ కరెంటు మాత్రం నేను బడి విడిచిపెట్టే నాటికి కూడా రాలేదు. షెడ్డు తాళంచెవి హెడ్మాస్టరుగారి బల్లసొరుగులో ఉండేది. యంత్రానికి తుప్పు పడుతుందని పిల్లలను దగ్గరకు రానిచ్చేవారు కారు. పిల్లలు రాకపోవడం వల్లనే తుప్పు పట్టింది.

యంత్రం సంగతి అట్లా ఉండగా, మనిషి సంగతి వేరు. మాకు వడ్రంగం నేర్పే క్రాఫ్టు మాస్టారు ఒకాయన ఉండేవారు. బాడిసె పట్టి చెక్కితే పలక అద్దంలా నున్నగా వచ్చేది. కోణాలు, కొలతలు ఆయన దగ్గర నేర్చుకొన్నంత తేటగా నాకు లెక్కల తరగతిలో తెలియలేదు. ఆయన జీతం మిగతా మాస్టర్ల జీతంలో సగం. తక్కినవారంతా ఉపాధ్యాయుల గదిలో ఆయన చేసిన కుర్చీలలో కూర్చునేవారు. ఆయన వరండాలో, తాను చేసుకొన్న బల్లమీద కూర్చునేవారు. పెద్ద మాస్టర్లు ఆయనను “ఏమయ్యా” అని పిలిచేవారు. సంక్రాంతి వెళ్ళిన తరువాత ఆయన పీరియడ్లన్నీ లెక్కల మాస్టారు తీసేసుకొనేవారు, పరీక్షలు దగ్గర పడ్డాయి గనుక. ఆయన ఏ కులమో నేను చెప్పకుండానే పాఠకులకు తెలుస్తుంది. అట్లా తెలియడమే అసలు చిక్కు.

ఈ చిక్కును తొలిసారి బాహాటంగా బయటపెట్టిన ఉదంతం 1953లో మద్రాసు రాష్ట్రంలో జరిగింది. ఆ వేసవిలో ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు కొత్త పథకం ప్రవేశపెట్టారు. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. పిల్లవాడు బడిలో ఉండేది రోజుకు మూడు గంటలు. మిగతా పొద్దు తండ్రి దగ్గర తండ్రి వృత్తి నేర్చుకోవాలి. ఒకే బడిలో రెండు విడతలుగా పిల్లలను కూర్చోబెట్టి, అదనపు ఖర్చు లేకుండా ఎక్కువమందికి చదువు చెప్పవచ్చునన్నది రాజాజీగారి లెక్క. లెక్కగా చూస్తే తప్పు లేదు. కాని క్షురకుని కొడుకు క్షురకర్మ, చాకలి కొడుకు చాకలిపని నేర్చుకొని, ప్లీడరు కొడుకు మాత్రం ప్లీడరీ నేర్చుకోవడానికి కాలేజీకి పోతాడా అని పెరియార్ రామస్వామిగారు, ఆయన అనుయాయులు లేవదీసిన ప్రశ్నకు ఆ లెక్కలో సమాధానం లేదు. కులవిద్యా పథకం అన్న పేరు దానికి స్థిరపడిపోయింది. మరుసటి ఏడు రాజాజీ పదవి విడిచారు. కామరాజ్ వస్తూనే పథకాన్ని ఎత్తివేశారు.

అంతకు పదహారేళ్ళ క్రితం, 1937 అక్టోబరులో గాంధీజీ అధ్యక్షతన వార్ధాలో జరిగిన విద్యా సమావేశం చెప్పింది ఇది కాదు. ఏడేళ్ళు మొదలు పధ్నాలుగేళ్ళ వరకు పిల్లలందరికీ ఒక చేతివృత్తి ద్వారానే చదువంతా చెప్పాలన్నది అక్కడి ఆలోచన. వడికేవాడి కొడుకు వడకడం కాదు, అందరూ వడకడం. జాకిర్ హుస్సేన్ సంఘం దానికి ప్రణాళిక వ్రాసింది. అయితే పిల్లలు తయారుచేసిన వస్తువులు అమ్మి ఉపాధ్యాయుల జీతాలు చెల్లించవచ్చునన్న గాంధీజీ ఆశ దగ్గర పేచీ వచ్చింది. అర్థశాస్త్రజ్ఞుడు కె.టి. షా ఆ సమావేశంలోనే అభ్యంతరం తెలిపారు. సంపాదన మీద దృష్టి మితిమీరితే చదువు వెనుకబడే ప్రమాదమున్నదని జాకిర్ హుస్సేన్ సంఘం కూడా హెచ్చరించింది. తరువాత కాలంలో బేసిక్ పాఠశాలలు పల్లెలకు పరిమితమై, పట్టణాలలో మామూలు బడులు మామూలుగానే సాగిపోయేసరికి, అందరి కోసం పుట్టిన పథకం కొందరి పథకం అయింది. తకిలీ త్రిప్పిన తరం వారిని అడిగితే దారం తెగిన సంగతులే చెబుతారు.

1966లో కొఠారీ కమిషన్ మళ్ళీ మొదటికి వచ్చింది. ఏ రకం చదువు చదివే పిల్లవాడికైనా కార్యానుభవం విద్యలో అంతర్భాగం కావాలని చెప్పింది. దానితో పాటు, 1986 నాటికి దిగువ సెకండరీ స్థాయిలో 20 శాతం మంది, పదవ తరగతి పైన 50 శాతం మంది వృత్తి విద్యలో ఉండాలని అంచనా కట్టింది. ఆ 1986 రానే వచ్చింది. ఆ ఏడాది వెలువడిన జాతీయ విద్యా విధానం ఏమన్నదంటే, పై సెకండరీ విద్యార్థులలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి విద్యకు మళ్ళాలని. 1992లో ఆ గడువులను చెరి ఐదేళ్ళు ముందుకు జరిపారు. చివరికి పన్నెండవ పంచవర్ష ప్రణాళిక (2012-17) వేసిన అంచనా ప్రకారం 19-24 ఏళ్ళ మధ్య వయసు కార్మికులలో పద్ధతి ప్రకారం వృత్తి విద్య పొందినవారు 5 శాతం కంటె తక్కువ. జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతం.

ఇక 2020 విధానం. 2025 నాటికి పాఠశాల, ఉన్నత విద్యలలోని వారిలో కనీసం 50 శాతం మందికి వృత్తి విద్యతో పరిచయం కలగాలని అది నిర్దేశించింది. సంఖ్య మళ్ళీ 50కి వచ్చింది. కాని మాట మారింది. కొఠారీ నాడు యాభై శాతం మంది ఆ చదువు చదవాలి. 2020 నాటికి యాభై శాతం మందికి దానితో పరిచయం కలగాలి. బస్సులో తీసుకువెళ్ళి బజారు చూపించినా పరిచయమే గదా! లక్ష్యం నెరవేరనప్పుడు లక్ష్యపు మాటను పలుచన చేసుకోవడం ఈ రాజధానిలోని కార్యాలయాలకు అలవాటైన విద్య. దానికి ఏ శిక్షణా అక్కరలేదు.

ఈ మధ్యకాలంలోనే ఇంకొక ముచ్చట జరిగింది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ సమీక్షా సంఘం సమాజోపయోగ ఉత్పాదక కృషి అన్నదానిని ప్రతి బడిలో ప్రవేశపెట్టాలని సూచించింది. ఇంగ్లీషు పొడి అక్షరాలలో ఎస్.యు.పి.డబ్ల్యు. ఆశయం గొప్పది. మరుసటి ఏడు మాల్కం ఆదిశేషయ్య సంఘం ప్లస్ టూ చదువును గురించి ఇచ్చిన నివేదిక కూడా చేసి నేర్చుకోవడాన్నే ఎత్తి చూపింది. కాని ఢిల్లీ పబ్లిక్ స్కూళ్ళలో చదివిన నా మిత్రుల పిల్లలు ఆ అక్షరాలను “సమ్ యూజ్‌ఫుల్ పీరియడ్స్ వేస్టెడ్” అని విడమరచేవారు. మాచిస్ పుల్లలతో ఇళ్ళు, థర్మోకోల్‌తో తాజమహళ్ళు చేశారు. చాలామందికి తల్లులు చేసి పెట్టారు. ఆ పనులను అడిగినవాడు లేడు, కొన్నవాడు లేడు, బాగాలేదని తిరగగొట్టినవాడూ లేడు. మార్కులు మాత్రం వచ్చాయి.

మన ఇంట ఇట్లా ఉండగా ఇరుగుపొరుగు ఏమి చేశారో కూడా చూడవలసి ఉన్నది. శ్రీలంక మనకంటె సాహసించింది. 1972లో సిరిమావో బండారనాయకె ప్రభుత్వం పాఠశాల విద్యను సంస్కరిస్తూ దిగువ సెకండరీ తరగతులలో పిల్లలందరికీ వృత్తిపూర్వక పాఠ్యాంశాలను చేర్చింది. స్థానికంగా ఏ వృత్తి ఉంటే ఆ వృత్తిని శాస్త్రీయంగా పరిశీలించి నేర్చుకోవాలి. విడగొట్టిన శాఖ కాదు, అందరికీ. పాత బ్రిటిష్ తరహా పరీక్షను కూడా తీసివేసి కొత్తది పెట్టారు. ఐదేళ్ళు గడిచాయి. 1977లో ప్రభుత్వం మారగానే పాత పరీక్ష తిరిగి వచ్చింది, వృత్తి పాఠాలు పోయాయి. పోయినందుకు తల్లిదండ్రులు వీధులకెక్కలేదు. ఊపిరి పీల్చుకొన్నవారే ఎక్కువ. చాలినంత మంది ఉపాధ్యాయులు లేకపోవడం ఒక కారణం; తమ పిల్లల ముందు ఆఫీసు ఉద్యోగపు తలుపు మూసుకుపోతున్నదని పేదలు భయపడడం మరొక కారణం. 2017లో ఆ దేశం పదమూడేళ్ళ చదువు అందరికీ అన్న కార్యక్రమం పేర వృత్తి శాఖను మరో రూపంలో మళ్ళీ తెచ్చుకొన్నది. నేపాల్ కూడా 1971 నాటి జాతీయ విద్యా ప్రణాళికలో సెకండరీ పాఠశాలలన్నింటా వృత్తి సబ్జెక్టులు పెట్టి, తరువాత వదులుకొన్నది.

ఇక్కడ తల్లిదండ్రులను నిందించడం సులభం. చేతిపనిపై చిన్నచూపు, తెల్లచొక్కా వ్యామోహం అంటూ మన మంత్రులు చేసే ఉపన్యాసాలు నేను లెక్కలేనన్ని విన్నాను. ఆ మంత్రుల పిల్లలలో ఫిట్టరు పని నేర్చుకొన్నవారిని మాత్రం చూసే భాగ్యం కలగలేదు. ఫిలిప్ ఫాస్టర్ అనే విద్యావేత్త 1965లో ఘనా దేశపు అనుభవాన్ని ఆధారం చేసుకొని ఒక వ్యాసం వ్రాశారు. పాఠశాలలో వ్యవసాయం నేర్పినంత మాత్రాన పిల్లలు రైతులు కారని, ఏ చదువు ఏ జీతానికి దారితీస్తున్నదో కుటుంబాలు చక్కగా లెక్కవేసుకొంటాయని, ఆ లెక్కలో సాధారణ విద్యే అసలైన వృత్తి విద్యగా కనిపిస్తున్నదని ఆయన వాదం. అరవై ఏళ్ళు గడిచినా దానికి సమాధానం చెప్పినవారు నాకు కనిపించలేదు. మన దేశంలో 2019లో సవరించిన నిబంధనల ప్రకారం అప్రెంటిస్‌కు నెలకు కనీస భృతి, చదువును బట్టి, 5,000 నుండి 9,000 రూపాయలు. కొడుకు చదువు కోసం గేదెను అమ్ముకొన్న తండ్రికి ఆ సంఖ్య చూపించి శ్రమ గౌరవం గురించి చెప్పబోతే ఆయన వింటాడా?

మన తెలుగు రాష్ట్రాలలో ఈ లెక్క మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇంటర్మీడియట్‌లో ఒకేషనల్ కోర్సులు ఏనాటి నుండో ఉన్నాయి. ల్యాబ్ టెక్నీషియన్, ఆరోగ్య కార్యకర్త వంటి కోర్సులు చదివి వెంటనే నాలుగు రాళ్ళు సంపాదించి ఇల్లు నిలబెట్టిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వారికి ఆ చదువు వరమే. కాని ఆ పిల్లలలో ఒకరికి పై చదువు చదవాలనిపిస్తే, ఆ రెండేళ్ళ చదువు చాలదు. బ్రిడ్జి కోర్సు అని వేరే పేపర్లు వ్రాసి పాసు కావాలి. వంతెన అన్న పేరులోనే నడుమ అగాధం ఉన్నదని ఒప్పుకోలు ఉన్నది. అటువైపు ఎం.పి.సి. కుర్రవాడు కార్పొరేట్ కళాశాలలో తెల్లవారుజాము నుండి రాత్రి దాకా కూర్చుని రెండేళ్ళు గడుపుతాడు. ఇంజనీరు కాబోయే వాడు ఒక మరచుట్టు బిగించకుండానే ఇంజనీరింగు కళాశాల మెట్లెక్కుతాడు. వాడి కోసం ఏ బ్రిడ్జి కోర్సూ పెట్టలేదు. పెట్టవలసింది అక్కడే కాదా అని నాకు అనిపిస్తుంది.

రాజధానిని ఆనుకొన్న హర్యానాలో 2012లో నలభై ప్రభుత్వ పాఠశాలలను ఎంపిక చేసి, తొమ్మిదవ తరగతి నుండి ఆటోమొబైల్, రీటెయిల్, ఐ.టి., సెక్యూరిటీ అనే నాలుగు రంగాలలో శిక్షణ ప్రారంభించారు. ఈ రోజు దేశంలో కనిపిస్తున్న నమూనాకు అది నాంది. నమూనాలో మంచి లేకపోలేదు: పదవ తరగతి అయ్యే దాకా ఆగకుండా ముందే మొదలుపెట్టారు, మామూలు చదువు నుండి పిల్లలను విడదీయలేదు. కాని రంగాల ఎంపిక చూడండి. ప్రభుత్వ పాఠశాలలో చదివే పేదవాడి బిడ్డకు తొలిదశలో చూపించిన భవిష్యత్తులో ఒక పాలు ఇతరుల భవనాల ముందు కాపలా, మరొక పాలు ఇతరుల దుకాణంలో అమ్మకం! ఏ ఖరీదైన బడివారూ సెక్యూరిటీని తమ పిల్లలకు సబ్జెక్టుగా కోరుకోరు. పైగా ఈ పాఠాలు చెప్పే శిక్షకులను చాలా రాష్ట్రాలలో ప్రైవేటు సంస్థల ద్వారా ఒప్పందం మీద తెచ్చుకొంటారు. ఒప్పందం ముగిస్తే మళ్ళీ పొడిగింపు కోసం ఎదురుచూపు. మా వడ్రంగం మాస్టారుకు సగం జీతమైనా పదవీ విరమణ దాకా ఆ బల్ల ఉండేది.

నిరాశగా వ్రాస్తున్నానని పాఠకులు అనుకోవద్దు. పని ద్వారా చదువు సాధ్యమేనని చూపించిన చోటు మన దేశంలోనే ఉన్నది. మహారాష్ట్రలో పూణే జిల్లాలో పాబల్ అనే మెట్ట గ్రామం. డాక్టర్ ఎస్.ఎస్. కల్‌బాగ్ అమెరికాలో పరిశోధన చేసి, హిందుస్థాన్ లీవర్‌లో పనిచేసి, ఆ ఉద్యోగం విడిచి 1983లో అక్కడ విజ్ఞాన ఆశ్రమం స్థాపించారు. 8 మొదలు 10వ తరగతి వరకు పిల్లలు వారానికి ఒక రోజు పనిలో ఉంటారు. ఇనుప పని, కట్టుబడి, కరెంటు, వ్యవసాయం, పశుపోషణ, ఇంటి ఆరోగ్యం - ఒక్కదానిలో బంధించకుండా అన్నీ కొంత కొంత. నేర్పేవారు చాలావరకు ఆ చుట్టుప్రక్కల పనివారే. అన్నింటికంటె ముఖ్యమైనది, పిల్లలు చేసేది ఊరికి కావలసిన పని. ఒకరికి గేటు కావాలి, ఒకరి ఇంటికి వైరింగు చేయాలి, ఒకరి రక్తపు గ్రూపు చూడాలి. సామాను ఖర్చు ఊరివారు ఇస్తారు. గేటు వంకరగా వస్తే గేటు యజమాని ఊరుకోడు. థర్మోకోల్ తాజమహలుకు ఈ యజమాని లేడు. గేటుకు ఎంత ఇనుము పడుతుందో, దాని ధర ఎంతో, కూలి ఎంతో కట్టి చూపేసరికి లెక్కల పాఠం దానంతట అదే అవుతుంది. కల్‌బాగ్ 2003లో మరణించారు, పని ఆగలేదు. అదే పద్ధతి అనేక పాఠశాలలకు వెళ్ళింది.

పాబల్‌ను చూచి మురిసిపోయి ఊరుకొనే ప్రమాదం కూడా ఉన్నది. జర్మనీ వెళ్ళివచ్చిన ప్రతి మంత్రిగారూ అక్కడి జంట పద్ధతిని పొగుడుతూ ప్రకటన చేస్తారు. వారంలో మూడు నాలుగు రోజులు కార్ఖానాలో, ఒకటి రెండు రోజులు బడిలో. 1969 నాటి చట్టం దానికి పునాది. వారు చెప్పని సంగతి ఏమిటంటే, అక్కడ శిక్షణ ఖర్చులో పెద్ద భాగం యజమానులు భరిస్తారు, నేర్చుకొని వచ్చినవాడికి జీతం బాగుంటుంది. మనకు 1961 నుండి అప్రెంటిస్ చట్టం ఉన్నది. 1986లో దానిని సవరించి ప్లస్ టూ వృత్తి విద్యార్థులను కూడా చేర్చారు. ముప్పై మంది, అంతకు పైన పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుండి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019లో నియమం చేశారు. ఎన్ని సంస్థలు తలుపు తెరిచాయో ఆ తలుపు తట్టిన పిల్లలకే తెలుసు.

ఇప్పుడు ఒక అవకాశం వచ్చింది. 2023లో ప్రకటించిన జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం తొమ్మిది, పది తరగతులలో వృత్తి విద్యను ఐచ్ఛికంగా గాక అందరికీ ఉండవలసిన విషయంగా సూచించింది. పనిని మూడు విధాలుగా విభజించింది: జీవరాశులతో పని, యంత్రాలతో, పదార్థాలతో పని, మానవసేవలో పని. ఇది పాబల్ భాషకు దగ్గరగా ఉన్నది, రీటెయిల్ భాషకు దూరంగా ఉన్నది. ఆరవ తరగతికి పాఠ్యపుస్తకం కూడా వచ్చింది. అమలు రాష్ట్రాలది, బోర్డులది. నా అనుమానమంతా అక్కడే. అందరికీ అన్న మాట ప్రైవేటు బడి గేటు దగ్గర ఆగిపోతే, ప్రభుత్వ పాఠశాల పిల్లవాడు మోటారు విప్పుతుండగా మిగతావాడు పోటీ పరీక్షకు తయారవుతుంటే, 1953 మద్రాసు మళ్ళీ వచ్చినట్లే. ఈసారి దానికి కులం పేరు ఉండదు, అంతే తేడా. కార్పొరేట్ బడిలోని పిల్లవాడు కూడా వారానికి ఒక రోజు చేతికి మసి అంటించుకోవాలి, ఆ పని చూచి మార్కులు వేసేది బయటి మనిషి కావాలి, ఆ మార్కులు ఐదింటి సరసన లెక్కకు రావాలి. ఆరవ సబ్జెక్టుగా ఉంచినంతకాలం అది ఆరవ వేలే.

నేర్పేవాడి సంగతి తేల్చకుండా ఇదేదీ జరగదు. ఊళ్ళో మోటార్లు బాగుచేసే మనిషికి పట్టా లేదు గనుక బడిలోకి రానివ్వరు. పట్టా ఉన్నవాడు మోటారు విప్పలేడు. ఊరి పనివాడిని వారానికి ఒక రోజు, ఉపాధ్యాయుడికి ఇచ్చేంత దినవేతనం ఇచ్చి, ఉపాధ్యాయుల గదిలో కుర్చీ వేసి పిలవడానికి ఏ రాజ్యాంగ సవరణా అవసరం లేదు. ఇక పిల్లవాడిని కార్ఖానాకు పంపినప్పుడు అది చౌక కూలీగా మారకుండా చూడడం మరింత పెద్ద బాధ్యత. 2016 చట్టం పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టరాదన్నది, పద్ధెనిమిది నిండని వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదన్నది. కుటుంబ వ్యాపారంలో బడివేళల తరువాత సాయం చేయడానికి మాత్రం సందు విడిచింది. ఆ సందులో నుండి ఎందరు పిల్లలు ఏమి నేర్చుకొంటున్నారో, ఎందరు నలిగిపోతున్నారో బడికి తెలియదు, తెలుసుకోవలసిన పని తనదనుకోదు. మా మెకానిక్కు మేనల్లుడు ఆదివారాలు చేసేది చదువా, కూలా? నేర్పే మనిషి మంచివాడు గనుక చదువు. కాకపోతే కూలి. ఆ తేడాను చూడగల ఉపాధ్యాయుడు నెలకొకసారి ఆ దుకాణానికి వెళ్ళి ఒక అరగంట కూర్చుని రావాలి. అట్లా వెళ్ళిన ఉపాధ్యాయుడి ప్రయాణ భత్యం ఏ పద్దు క్రింద వ్రాయాలన్న ప్రశ్న మీద మన కార్యాలయాలు ఒక ఏడాది గడుపుతాయన్నది నాకు తెలియని సంగతి కాదు.

కుర్రవాడు వెళ్ళబోతూ పాత కండెన్సర్‌ను జేబులో వేసుకొన్నాడు. ఎందుకురా అంటే, ఊరికే విప్పి చూస్తానన్నాడు. మార్చిలో బోర్డు పరీక్షలు. లెక్కలు ఎట్లా ఉన్నాయని అడిగితే, త్రికోణమితి అర్థం కావడం లేదన్నాడు. మోటారు బిగించే ముందు అది నిట్టనిలువుగా ఉన్నదో లేదో మూడు కోణాల నుండి ఎట్లా చూస్తాడో మాత్రం నాకు చూపించి వెళ్ళాడు. పరీక్షలయ్యాక మా కూలరు మోటారు చూడడానికి వస్తానన్నాడు.